హీరో చేతులు

నిజామాబాద్

అవ్వా, నేను బాగున్నాను, హాస్టల్ తిండి పడుతోంది. ఫోను ఎప్పుడూ బాపు జేబులోనే ఉంటుంది కాబట్టి నీకు కార్డు రాస్తున్నాను.

మా బ్యాండుకు సినిమాలో పని దొరికింది. ఎంత వాయించినా పేరు రాని ఒక రాక్ బ్యాండు మీద కామెడీ సినిమా. మా వాళ్ళను మాత్రం ఆ బ్యాండును గేలిచేసే జనంలో నిలబెట్టారు. హీరోకు డ్రమ్స్ రావు. అందుకని దగ్గర నుంచి తీసేటప్పుడు నా చేతులు పెట్టారు. గాజులు తీయించి, మోచేతి దాకా గమ్ముతో వెంట్రుకలు అంటించారు. ఇంకా పూర్తిగా ఊడలేదు. తెర మీద నా పేరు వేయరట.

బాపు అన్న మాట గుర్తుంది కదా: "వచ్చే దసరా దాక సూస్త. గప్పటికి నిన్ను ఒక్కలన్న గుర్తుపట్టకుంటే గా డ్రమ్ములు అమ్మి బీఈడీల చేరు."

చెరుకుకు నిజాంసాగర్ నీళ్ళు వదిలారా? నా నల్ల చెప్పులు, ఇంత మామిడికాయ తొక్కు బస్సులో పంపు. లింగవ్వ అత్తకు దండాలు చెప్పు.

సినిమా దసరాకు ముందే బోధన్‌కు వస్తుందట. బాపును తోలుకొని పో. హీరో వాయించేటప్పుడు చేతులు చూడమను, ఇంకేమీ చెప్పకు. కార్డు తెచ్చే దశరథం అన్నా, నువ్వు కూడా చెప్పకు.

చెరుకు కొట్టేటప్పుడు నా ఎడమ బొటనవేలు తెగిన గాటును మేకప్ ఆయన కప్పబోతే, డైరెక్టర్ ఉండనిమ్మన్నాడు. ఆ వేలికి పసుపు అద్ది కట్టు కట్టింది బాపే.

నీ బిడ్డ
సింధూజ