ఆకారం కట్టే చోటు

6 డిసెంబర్ 1998
పద్మలతక్క ఇంటికొచ్చింది. పాప పుట్టి నాలుగు రోజులు. మొదటి కాన్పు కదా, మూడు నెలలు ఇక్కడే, రావల్కోల్‌లోనే ఉంటుంది. బావ రాఘవేందర్ డ్యూటీ దిగాక గౌడవెల్లి నుంచి రోజూ బైక్ మీద వస్తానన్నాడు. పాప నా వేలు పట్టుకుంటే వదలదు. జువాలజీ టెస్ట్ ఉంది. పుస్తకం ముట్టబుద్ధి కావట్లేదు.

8 డిసెంబర్, సాయంత్రం 6
బాపు, అమ్మ అక్కను ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పోయారు. నన్ను పాప దగ్గర ఉంచారు.

పొద్దున మంత్రసాని యాదవ్వ వచ్చి అక్కకు తలకు పోసింది. బాలింతకు పోశాక మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, తలుపులు మూస్తారు. మా ఊళ్లో అందరూ చేసేదే. గాలి సొరకుండ జూడవే అని అమ్మ నాతో అంది. కిటికీ సందులో గోనె పట్టా కుక్కాను. తలుపు కింద చీర పేలిక పెట్టాను. పాపను యాదవ్వ బయట ఎండలో పడుకోబెట్టుకుంది. అక్క ఎంతకీ పిలవలేదు. పచ్చి బాలింత, పండుకోనీ తియ్యి అన్నారు. మూడు గంటలు పండుకోనిచ్చాం. పాప పాలకు ఏడిస్తే తలుపు తీశాం. అక్క ఎంత లేపినా లేవలేదు.

బొగ్గులు మూసిన గదిలో కాలితే ఏ గ్యాస్ వస్తుందో, అది రక్తంలో ఏం చేస్తుందో పోయిన నెల పరీక్షలో రాశాను. పదికి తొమ్మిది వచ్చాయి. థూ నా చదువు.

11 డిసెంబర్
అక్క కళ్లు తెరిచింది! అమ్మ గొంతు గుర్తుపట్టింది. పాప ఏదే అని అడిగిందట.

13 డిసెంబర్
నేనూ ఆస్పత్రికి పోయాను. అక్క నావైపు చూస్తూనే ఎవలు అంది. నేను మాట్లాడాక సుచిత్రా, నువ్వానే అని నవ్వింది. నా డ్రెస్ పచ్చగా ఉందని చెప్పింది. అది డ్రెస్సో, కర్టెనో మాత్రం తెలియదట. చెంచా చూపిస్తే, ఏందో తెల్లగ మెరుస్తాంది అంది. చేతిలో పెట్టగానే చెంచా అని చెప్పేసింది. కళ్ల డాక్టర్ రెండుసార్లు చూశాడు. కళ్లు భేషుగ్గా ఉన్నాయట.

భేషుగ్గా ఉంటే ఇదేంది మరి?

16 డిసెంబర్
ఈ రోజు నరాల డాక్టర్ వచ్చాడు. కుర్రవాడే. ఖాళీ మందుల డబ్బాకు బ్లేడుతో సన్నని చీలిక కోసి, ఎదురుగా పట్టుకుని, ఇది అడ్డంగా ఉందా, నిలువుగా ఉందా అని అడిగాడు. అక్క చెప్పలేకపోయింది. తెల్వకుంటే యాడికెల్లి జెప్పాలె అని విసుక్కుంది. ఆయన ఓపీ కార్డు ఆమె చేతికిచ్చి, ఉత్తరం డబ్బాలో వేసినట్టు వెయ్యమ్మా అన్నాడు. అక్క మణికట్టు దానంతటదే తిరిగింది. కార్డు సరిగ్గా దూరింది! డబ్బాను ఎటు తిప్పినా అంతే. మేం చప్పట్లు కొట్టాం. అక్క తనను ఆటపట్టిస్తున్నాం అనుకుని ఏడ్చింది.

డాక్టర్ విడమరిచి చెప్పాడు. కన్ను చూసింది తల వెనక భాగానికి పోతుందట. అక్కడ గీతలు, వంపులు, మూలలు విడివిడిగా తెలుస్తాయట. తర్వాత వాటన్నిటినీ కలిపి ఇది గిన్నె, ఇది మొహం అని ఆకారం కట్టే చోటు ఒకటుందట. బొగ్గుల గ్యాస్‌కు అక్కకు దెబ్బతిన్నది అదే. చేతిని నడిపే దారి వేరు. అది బాగుంది. అంటే డబ్బా ఎలా ఉందో అక్క చేతికి తెలుసు, అక్కకు తెలియదు. ఎప్పుడు నయమవుతుందని బాపు అడిగాడు. చూద్దాం పెద్దాయనా అన్నాడు డాక్టర్.

20 డిసెంబర్
ఇంటికి తెచ్చాం. గడప తట్టుకోకుండా దాటుతుంది. పాపను ఒళ్లో పెడితే చక్కగా పాలిస్తుంది. మొహం మీద మొహం పెట్టి అరగంట చూస్తుంది. ఏం కనబడుతుందక్కా అని అడిగాను. ఎర్రగ, నల్లగ, కదుల్తాంది అంది.

22 డిసెంబర్
పాపకు ఇరవై ఒకటో రోజు. తొట్టెలలో వేయాలి. అక్క అత్త సుక్కమ్మ గౌడవెల్లి నుంచి పది మందితో వచ్చింది. అందరూ కూర్చున్నాక, పాపను తెల్ల గుడ్డలో చుట్టి చాటలో పడుకోబెట్టింది. పక్కనే ఒక చిన్న మెత్త దిండును పాప గులాబీ తువ్వాలలో చుట్టి పెట్టింది. అక్కను దూరంగా నిలబెట్టి, ఏది బిడ్డా నీ పిల్ల అని అడిగింది.

పాప నిద్రపోతోంది. ఒక్కసారి కదిలినా అక్క పట్టేసేది. లే తల్లీ, ఏడువు, ఏడువు అని లోపల మొక్కుకున్నాను. నేను దగ్గినా సరిపోయేది. దగ్గలేదు. పాప పుట్టినప్పటినుంచీ చుట్టేది ఆ గులాబీ తువ్వాలే.

అక్క నవ్వుకుంటూ పోయి మెత్తను ఎత్తుకుంది. చేతికి తగలగానే తెలిసిపోయింది. మెత్తను పట్టుకుని అక్కడే కూలబడింది.

సుక్కమ్మను తిట్టుకుందామనుకున్నాను. ఆమే ముందు ఏడ్చింది. రేపు పొయ్యి కాడ పిల్ల మీద కాలేస్తే ఎవలు జవాబు జెప్పాలె, నువ్వు మంచిగైనంక నీ బిడ్డ నీదే అంది. బావ నేల చూస్తూ నిలబడ్డాడు. పాపను తీసుకుపోయారు.

23 డిసెంబర్
కుంపటి పెట్టినందుకు ఊరంతా అమ్మను అంటోంది. సందులు మూసింది నేనని ఎవరికీ చెప్పలేదు. పిరికిదాన్ని.

9 జనవరి 1999
అక్క పాలు పిండి గిన్నెలో పోస్తుంది. అమ్మ తీసుకెళ్లి మల్లెచెట్టు మొదట్లో పోస్తుంది.

2 ఫిబ్రవరి
పాలు ఎండిపోయాయి.

13 జూన్
గౌడవెల్లికి పోయి వచ్చాం. పాపకు ఆరు నెలలు దాటాయి. దీప అని పేరు పెట్టారు. అక్క చేతులు చాచింది. అవి సరిగ్గా పాప చంకల కిందికే పోయాయి. పాప కెవ్వుమని సుక్కమ్మ మెడ కరుచుకుంది.

వచ్చేటప్పుడు బస్సులో అక్క అడిగింది, పిల్ల మొకం ఎట్లుందే అని.

అచ్చం నీలెక్కనే ఉందక్కా అన్నాను.

మేడ్చల్ వచ్చింది. దిగేముందు నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది, నేనెట్లుంటనే అని.