కుర్చీ మీద కోటు

ఎల్‌బీ నగర్,
20 ఆగస్టు 2025

పూజ్యులైన డాక్టరు మురళీకృష్ణగారికి, బట్టలు కుట్టే యాదలక్ష్మి నమస్కరించి రాయునది.

మీ కోటు మా ఇంట్లో క్షేమంగా ఉంది. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. మీరూ క్షేమమని తలుస్తాను. మెమో అందిందని విన్నాను.

నేనెవరో మీకు తెలియదు. తెలిసే అవకాశం మీరివ్వలేదు. మూడు వారాలు మా ఆయన రామచంద్రాన్ని తీసుకుని మన సర్కారు దవాఖానకు వచ్చాను. ఆయనకు షుగర్. ఎడమ కాలి చిటికెన వేలు పుండుపడి నల్లబడసాగింది. తొమ్మిదింటికల్లా మా చెప్పులు వరుసలో పెట్టి గోడ నీడన కూర్చునేవాళ్లం. లోపల మీ కుర్చీకి మీ కోటు తొడిగి ఉండేది. అటు కోటు, ఇటు చెప్పులు. మనుషులమే ఎదురుపడలేదు.

సారేడని అడిగితే అటెండరు బాల్‌రాజ్, “కోటు ఉన్నదంటే సారు ఉన్నట్టే. జర కూసో అక్కా” అనేవాడు. ఆ ‘జర’ ఒంటిగంట దాకా సాగేది. దిల్‌సుఖ్‌నగర్‌లోని మీ సొంత క్లినిక్‌లో మాత్రం కోటు లేకుండానే దొరుకుతారట. మా ఆయన మీ పక్షమే. “పాపం, గా కోటు ఎన్నడన్న మనల్ని కసిరిందా?” అన్నాడు. నవ్వాను గానీ, కాలు తీసేస్తారేమోనని నాకు ఒకటే భయం.

నాలుగో వారం సోమవారం నాడు మీ కోటుకు గుండీ లేకపోవడం చూశాను. డాక్టరుగారి కోటుకు గుండీ లేకపోతే మా బస్తీకే నామోషీ కదా! కుట్టి పెడతానని బాల్‌రాజ్‌కు చెప్పి, మా ఇల్లెక్కడో కూడా చెప్పి, పట్టుకొచ్చాను.

నా ఖర్మ, మర్నాడే పెద్ద డాక్టరమ్మ ఒకావిడ చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చారు. డాక్టరెక్కడని అడిగితే బాల్‌రాజ్ అలవాటుకొద్దీ తలెత్తకుండానే కుర్చీ వైపు చెయ్యి చూపి, “గదిగో మేడం, సారు గిప్పుడే ఒచ్చి కూసున్నరు” అన్నాడు. కుర్చీ బోసిగా ఉంది. మాకు నవ్వాగలేదు. ఆవిడ మాత్రం నవ్వలేదు. రిజిస్టరులో మీ పేరు పక్కన ఎర్రగా ఏదో రాసి, బయటికొచ్చి, మొదటి జత చెప్పులు ఎవరివని అడిగారు. అవి మావే. అక్కడే నేలమీద కూర్చుని ఆయన కట్టు విప్పి చూశారు. వెంటనే అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపారు.

వేలు ఒక్కటే పోయింది, కాలు దక్కింది. ఇంకో వారం ఆగితే మోకాలి దాకా తీసేవాళ్లట. ఆసుపత్రి చుట్టూ తిరగడంతో కోటు పంపడం ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. బాల్‌రాజ్ చేతికిస్తున్నాను.

ఇట్లు,
మీ కోటును బాగా ఎరిగిన
యాదలక్ష్మి

తా.క.: గుండీ దానంతటది ఊడలేదు. బాల్‌రాజ్ చాయ్ తాగడానికి పోయినప్పుడు నా కత్తెరతో నేనే తీశాను. తనిఖీ సంగతి నాకు తెలియదు, ఒట్టు. కోటు కోసమైనా మీరు మా ఇంటికి వస్తారని, వస్తే ఆయన కాలు చూపిద్దామని ఆశపడ్డాను. ఆ సాయంత్రమంతా తలుపు తీసే ఉంచాను.