క్యారియర్ లేని సైకిలు

ప్రియమైన నర్సుగారికి,

నువ్వు ఆ ఊరి ఆసుపత్రికి వెళ్ళినప్పటి నుంచి నాదొకటే గోల. రోజూ పనికి లేటు. నిన్ను దింపే పని లేదు కదా అని కాస్త ఆలస్యంగా బయల్దేరుతున్న మాట నిజమే. కానీ ఒక్కణ్ణే తొక్కితే ఎగిరిపోవాలిగా! సైకిలే బరువనుకుని మడ్‌గార్డులు, స్టాండు, చైన్‌ కవరు, చివరికి క్యారియర్ కూడా ఊడదీశాను. ఇప్పుడది ఒంటిచేత్తో లేస్తోంది. అయినా లేటే! నేను కళ్ళద్దాలు అరగదీసే మిషను దగ్గరికి చేరేసరికి మేస్త్రీ గుడ్లురుముతున్నాడు. నాకేమీ పాలుపోవడం లేదు.

నీ డ్రైవరు

ప్రియమైన శ్రీవారికి,

మీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్ద డాక్టరమ్మ ఇంకో ఏడాది ఉండిపొమ్మంటున్నారు, ఏం చెప్పమంటారని పోయినసారి అడిగాను కదా. దానికి జవాబు లేదు. క్యారియర్ ఊడదీశానని మాత్రం రాశారు. అది ఎవరు కూర్చునే చోటండీ? అదేనా మీ జవాబు? మీరు అలా మెలికపెట్టి మాట్లాడే మనిషి కాదు, అందుకే ఇంత అయోమయం. ఉండమనైనా చెప్పండి, రమ్మనైనా చెప్పండి.

మీ బరువు

ప్రియమైన పిచ్చిమొద్దుకి,

రమ్మంటే నీ ఉద్యోగానికి అడ్డుపడినట్టు, ఉండమంటే అబద్ధం. ఏం రాయాలో తెలియక సైకిలు కబుర్లు రాశాను. తిట్టుకో.

నిన్న మేస్త్రీ తన సైకిలు మీద నా వెనకే వచ్చాడట. గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఏమయ్యా, అంత తేలిక బండి పెట్టుకుని వంతెన ఎక్కేచోట దిగి నడుస్తావేంటి?"

"దిగానా?" అన్నాను.

"దిగావు. అవతల మళ్ళీ ఎక్కేముందు వెనక్కి తిరిగి కాసేపు ఆగావు కూడా. గుంత వచ్చినప్పుడల్లా గట్టిగా పట్టుకో అంటున్నావు. ఎవరితోనయ్యా?"

అప్పుడు వెలిగింది నాకు. వంతెన దగ్గర నువ్వు దిగేదానివి, నేనూ దిగి నీతో నడిచేవాణ్ణి. అవతల నువ్వు సర్దుకుని కూర్చునేదాకా ఆగేవాణ్ణి. నువ్వు ఊళ్ళో లేవన్న సంగతి నాకు తెలుసు, నా కాళ్ళకి తెలియలేదు.

సాయంత్రమే క్యారియర్ మళ్ళీ బిగించాను. అక్కడ ఉండాలని నీకుంటే ఉండు. నన్నడిగితే మాత్రం, వచ్చెయ్.

నీ డ్రైవరు

ప్రియమైన డ్రైవరుగారికి,

ఉండనని డాక్టరమ్మకి చెప్పేశాను. ఆదివారం వస్తున్నా. మడ్‌గార్డులు కూడా బిగించండి, నా బట్టలు బురదవుతాయి.

ఇంకో సంగతి. వంతెన దగ్గర నేను దిగింది మీకు ఆయాసం వస్తుందని కాదు. దారంతా మీ వీపే కదా చూసేది. అక్కడ దిగితే కాసేపు మీ మొహం కనిపిస్తుందని.

మీ బరువు