పటిక పెంచిన చెయ్యి

సెప్టెంబర్ 10
తైనాన్‌లో మళ్లీ సెమిస్టర్. మూడు కాలేజీల పిల్లలు నేను తయారుచేసిన ఒకే ఆన్‌లైన్ నమూనా నీటిశుద్ధి ప్లాంట్‌లోకి లాగిన్ అయ్యారు. ఒకరికి బురదను అడుక్కి దించే పటిక, ఒకరికి ఫిల్టర్లు, ఒకరికి క్లోరిన్. తుఫాను పాఠానికి ఒకప్పుడు నేను పనిచేసిన ప్లాంట్‌లో ఓ తుఫాను రోజు రికార్డునే ఎక్కించాను. పిల్లలు ఇక్కడి అలవాటు ప్రకారం సర్వర్ మీద ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ పెట్టారు, మిషన్ బుద్ధిగా ఉండాలని. ప్యాకెట్ తేదీ దాటితే మిషన్ మొరాయిస్తుందని నమ్మకం. తేదీ దాటలేదు కదా అని అడిగాను. అడగకుండా ఉండలేను.

సెప్టెంబర్ 12
పటిక చూసే షూ యీ-ఆన్ ఫిర్యాదు చేసింది. తను ముట్టుకోకుండానే 2:40కి మోతాదు పెరుగుతోందట. 2:52కి తగ్గుతోందట. ఆపైన తెర మీది ఊరి కుళాయిల్లో బురదే. దయ్యాలు భూమ్మీద తిరిగే నెల కదా అని అందరూ ఒకటే నవ్వు.
"పెంచేవాడికి పని తెలుసు మేడమ్. తగ్గించేవాడే ఎవడో మొద్దు," అంది యీ-ఆన్.
బగ్ అని చెప్పాను.

సెప్టెంబర్ 13, ఉదయం 6
బగ్ కాదు. ఆ తుఫాను రోజు ఎవరు ఏం తిప్పారో కూడా పాత రికార్డులో ఉంది. చెరపడం మరిచాను.

సెప్టెంబర్ 17
ఎనిమిదేళ్లయింది. ఆ మధ్యాహ్నం తుఫాను వానకు మీటర్ బురదను పదింతలు చూపించింది. ఆపరేటర్ కో బాబాయ్ పటిక పెంచాడు. నేను డ్యూటీ ఇంజినీర్‌ని, నిండా పొగరు. మీటర్ మీద పెట్టిన ఆకుపచ్చ ప్యాకెట్ తేదీ ముందురోజే దాటింది. ఇంకేం, అందుకే మీటర్‌కు పిచ్చెక్కింది అన్నాను, నవ్వుతూ. నవ్వుతూనే నమ్మాను.
"ప్యాకెట్ కాదు ఇంజినీరమ్మా, నీళ్ల రంగు చూడు," అన్నాడు.
చూడలేదు. పటిక తగ్గించేశాను. ఊరి కుళాయిల్లో బురద వచ్చింది.
ఆపరేటర్ పటిక పెంచలేదని రిపోర్టు రాశాను. ఎవరు ఏం తిప్పారో నమోదయ్యే లాగ్‌ను ఎవరూ తెరవలేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. రెండేళ్లకు పోయాడు. ఆయన భార్య మార్కెట్లో చేపలమ్ముతుంది. అంత అనుభవమున్న మనిషి ఎలా మరిచాడమ్మా అని ఇప్పటికీ నన్నే అడుగుతుంది. 

సెప్టెంబర్ 18
ఆ రికార్డు చెరుపుదామని కూర్చున్నాను. చెరపకుండానే లేచాను.

సెప్టెంబర్ 24
పాఠానికి ముందు ఆ రెండు కదలికలకూ పేర్లు తగిలించాను. 2:40, కో చిన్-షుయి. 2:52, నేను. జరిగింది చెప్పాను. ఎవరూ నవ్వలేదు. యీ-ఆన్ అడిగింది.
"రిపోర్టు దిద్దారా మేడమ్?"
ఇంకా లేదన్నాను.

సెప్టెంబర్ 25
పొద్దున పాత ఆఫీసులో కొత్త రిపోర్టు ఇచ్చాను. అటునుంచి మార్కెట్‌కు. కో బాబాయ్ భార్య చేపల కత్తి పక్కన పెట్టి అంతా విన్నది. గ్లాసుతో నీళ్లిచ్చింది.
తేటగా ఉన్నాయి. తాగలేకపోయాను.