రోజుకొక్క మాట

అక్కా,

నీ దగ్గరికి వచ్చేద్దామనుకుంటున్నాను. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఉత్తరం చివరికొచ్చేసరికి నాకే ధైర్యం చాలదు.

మీ మరిది నడిపే రైలు కింద పడి ఆ మనిషి చనిపోయి నెలలు గడిచాయి. ఈయన తప్పేమీ లేదని ఆఫీసువాళ్ళు తేల్చి, సెలవిచ్చి పంపారు. అప్పటినుంచి ఇంట్లో ఉన్నారన్న మాటే గానీ ఉన్నట్టు లేదు. డాక్టరమ్మ మందులతోపాటు కొన్ని అలవాట్లు చెప్పింది. పొద్దున్నే కలిసి నడవండి, ఫోన్లు పక్కన పెట్టి కలిసి తినండి, తింటూ ఆ రోజు సంగతి ఒక్కటైనా చెప్పుకోండి అంది. అన్నీ చేస్తున్నాను. మొన్న మా కళ్ళజోళ్ళ షాపుకి ఒక పెద్దాయన వచ్చి, ఫ్రేములన్నీ పెట్టి చూసుకుని, "ఏది పెట్టుకుంటే మా ఆవిడకి కోపంగా కనపడనమ్మా?" అని అడిగాడు. ఆ మాట ఇంటిదాకా ఎంత సంబరంగా మోసుకొచ్చానో! ఈయన పళ్ళెంలోకి చూస్తూ "ఊఁ" అన్నారు. "మీరూ ఒకటి చెప్పండి" అంటే, "ఏముంది చెప్పడానికి" అని లేచి చెయ్యి కడుక్కున్నారు.

గోడతో మాట్లాడినా ఇంత చిన్నతనంగా ఉండదు. గోడ మనల్ని పెళ్ళి చేసుకోలేదు కదా! జాలిపడీ పడీ ఆ జాలి కూడా అడుగంటింది. కోపం వస్తోంది, వచ్చినందుకు సిగ్గేస్తోంది. ఆదివారం బయల్దేరతాను. ఆయనకింకా చెప్పలేదు.

నీ చెల్లి


అక్కా,

రాలేదని ఫోన్లో తిట్టావు. ఆయన పక్కనే ఉన్నారు, అప్పుడేం చెప్పను?

శనివారం బట్టలు సర్దుకుని భోజనానికి కూర్చున్నాను. వెళ్తున్నానని చెప్పేబదులు ఆయనకి కూర వడ్డించాను. కాసేపటికి ఆయన తలెత్తి, "ఇవాళేం చెప్పలేదే?" అన్నారు.

"వినేదెవరని?"

"రోజూ వింటూనే ఉన్నా. నా దగ్గరున్నది ఒక్కటే. అది అన్నం ముందు చెప్పేది కాదు."

"చెప్పండి. అన్నం ఎక్కడికీ పోదు."

చెప్పారక్కా. ఆ మనిషి చెప్పు పట్టాల సందులో ఇరుక్కుందట. హారన్ వినపడగానే, కాస్త ఆగమన్నట్టు చెయ్యి చూపించాడట. బస్సు డ్రైవరుకి చూపిస్తామే, అలా. "నేను ఆపేస్తాననుకున్నాడు. బ్రేకు వేసేశా. అంత బండి అంతలో ఆగుతుందా? చివరిదాకా ఆపుతాననే అనుకున్నాడు" అన్నారు. "నీకు చెప్తే ఇక నీ కళ్ళకీ కనపడుతూనే ఉంటుందని చెప్పలేదు" అన్నారు.

నిజమేనక్కా, కనపడుతోంది.

కుర్చీ ఆయన పక్కకి జరుపుకున్నాను. ఆయన ఏడుస్తుంటే ఊరికే కూర్చున్నాను. తెల్లారి మళ్ళీ మూగనోమే. మళ్ళీ ఇంజన్ ఎక్కుతారో లేదో తెలియదు. నేను బాగుచేస్తానన్న ధీమా మాత్రం పోయింది. సర్దిన బట్టలు తీసి బీరువాలో పెట్టేశాను.

నువ్వే ఒకసారి రా అక్కా. ఆయన్ని ఓదార్చనక్కర్లేదు. నా పక్కన కూర్చో, చాలు.

నీ చెల్లి