పొగ తెలియని ముక్కు

ప్రియమైన ఊనాకు,

ఇక్కడ నేను, కుక్క, నువ్వు లెక్కపెట్టి మరీ అప్పగించిన కోళ్లు క్షేమం. అక్కడ ఇన్వర్నెస్‌లో నువ్వు, మీ చెల్లెలు, పురిటి బిడ్డ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. బిడ్డకు మీ నాన్న చెవులు వచ్చాయని రాశావు. పోనీలే, గాలికి టోపీ జారిపోదు.

నువ్వడిగినవాటికి జవాబులు. గంజి నేనే కాచుకుంటున్నాను. మాడ్చడం లేదు, ఒట్టు. పొయ్యిలోకి బీడులో తవ్విన పీట్ మట్టిగడ్డలు ఎండాయి, వానకు ముందే ఇంటికి చేర్చాం. డిస్టిలరీ నుంచి ఫర్కర్ సాయానికి వచ్చాడు గానీ, సాయం కన్నా కబుర్లే ఎక్కువ.

ఇక, డిస్టిలరీలో బట్టీ మాటే ఎత్తడం లేదేమని అడిగావు. నీ దగ్గర ఏదీ దాగదు. చెబుతాను, కంగారుపడకు.

నువ్వు వెళ్లిన వారమే నాకు జలుబు చేసింది. అది పోతూ పోతూ వాసన కూడా పట్టుకుపోయింది. సబ్బు లేదు, చేప లేదు, తడిసిన కుక్క లేదు. నా పని నీకు తెలుసు. మొలకెత్తిన బార్లీ తడిగా ఉన్నప్పుడే పీట్ పొగ పట్టుకుంటుంది. మన విస్కీలో ఆ పొగ ఉండీ లేనట్టుండాలి. గుప్పెడు గింజలు నలిపి వాసన చూసి, ఇక చాలని పీట్ మంట ఆపించేది నేనే. మా నాన్న తర్వాత ఆ బట్టీకి నా ముక్కే దిక్కు. అది పనిచేయడం లేదని చెప్పడానికి నామోషీ వేసింది. గింజలు నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, తెలిసినట్టే తలాడించాను. మొదట్లో అదృష్టం కాచింది. పోయిన వారం ఫర్కర్ బట్టీ తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఒరేయ్, మనం చేసేది విస్కీనా, పొగచేపలా?" అన్నాడు.

ఇక దాచలేక మార్సలి దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆ అమ్మాయి మేనేజరై ఎన్నాళ్లో కాలేదు గానీ నిదానస్తురాలు. పొగ ఎక్కువైన మాల్ట్ గింజలను పొగ పెట్టని మాల్ట్‌లో కొద్దికొద్దిగా కలిపేద్దామంది. తర్వాత గొంతు తగ్గించి, "ఫర్కర్ చూస్తుంటాడులెండి. మీ ముక్కు తిరిగొస్తే బట్టీ మీదే. చలికాలం దాటినా రాకపోతే మాత్రం మీరు పీపాల గోదాముకి మారాలి" అంది. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. నీకు ముందే రాస్తే మర్నాటి పడవకే బయల్దేరేదానివి. అక్కడ బాలింతకు నువ్వు కావాలి. అందుకే రాయలేదు. కానీ ఊనా, నాకు భయంగా ఉంది. ఆ బట్టీ దగ్గర కాకపోతే నేనెందుకు పనికొస్తానో నాకే తెలియదు.

ఇక్కడ ఉత్తరం ఆపి లేచాను. ఇప్పుడే మళ్లీ కూర్చున్నాను. పై మాట రాస్తుండగా ఏదో మాడుతున్న వాసన వేసింది. వంటింటి తలుపు మూసే ఉంది, పొగ ఇంకా ఇవతలికి రాలేదు. పరుగెత్తి చూస్తే గంజి అడుగంటి బొగ్గయింది. ఆ గిన్నె మీద వంగి గుండెల నిండా పీల్చాను. ఏడ్చాను కూడా. తర్వాత కోటు జేబు మూలల్లో మిగిలిన గింజలు తీసి నలిపి చూశాను. ఎక్కడో దూరంగా, సన్నగా, పొగ. తెలిసీ తెలియనట్టుంది, కానీ ఉంది. రేపు పొద్దున్నే మార్సలి దగ్గరికి వెళ్తాను.

పైన పెట్టిన ఒట్టు కొట్టేయడం లేదు, రాసినప్పుడు అది నిజమే. మీ అమ్మ ఇచ్చిన గిన్నె మాత్రం ఎంత తోమినా ఇక పనికిరాదు. వచ్చాక తిట్టు, పడతాను.

ఇట్లు,
నీ గిన్నె మాడ్చిన మొగుడు,
టోర్క్విల్