అక్క వైపు తిప్పిన ఏంటెనా

ఫిబ్రవరి 4, మంగళవారం

కస్టమర్ కేర్‌లో పొద్దుటి షిఫ్ట్. హెడ్‌ఫోన్ తీసేసరికి చెవులు మండిపోతున్నాయి. ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా కుర్చీలో కూలబడ్డాను.

బావగారు ఫోన్ చేశారు. అక్క గదిలోంచి బయటికి రావడం లేదట. కేన్సర్ అని గొంతులో స్వరపేటిక తీసేసినప్పటినుంచీ ఇదే వరస. మెసేజ్ పెడితే చూస్తుంది, జవాబివ్వదు. రేడియేషన్ మొదలుపెట్టాలని డాక్టర్ తొందరపెడుతున్నాడట. ఆ మాటెత్తితే తలుపేసుకుంటోందట. నేను వస్తానన్నాను. వద్దమ్మా, నువ్వొస్తున్నావని తెలిస్తే తిండి కూడా మానేస్తుంది అన్నారు.

ఫిబ్రవరి 6, గురువారం

హామ్ రేడియో క్లబ్ సెక్రటరీ ఫోన్. సాయంత్రం ఆరయ్యేసరికి అక్క కాల్‌సైన్, అదే తన లైసెన్స్ గుర్తు, గాలిలో వినిపిస్తోందట. మోర్స్‌లో, చుక్కలూ గీతలుగా. ఎవరెవరితోనో టకటకలాడుతోందట.

ముందు సంతోషం వేసింది. వెంటనే ఒళ్లు మండింది. ఊరూ పేరూ తెలియనివాళ్లకి ఉన్న భాగ్యం చెల్లెలికి లేదా?

నాన్న మా ఇద్దరిచేతా రేడియో లైసెన్స్ పరీక్ష రాయించారు. అక్క ఆ సరదా వదల్లేదు. నా సెట్టు అటకెక్కి ఎన్నేళ్లయిందో.

ఫిబ్రవరి 7, శుక్రవారం

దింపాను. తుమ్ములే తుమ్ములు. సెట్టు పనిచేస్తోంది. కిటికీలో పెట్టిన కర్రలాంటి ఏంటెనాతో మాత్రం ఒకటే సొద. అది అన్ని దిక్కులా వింటుంది, అందుకే ఏదీ సరిగ్గా వినదు. అక్కవాళ్ల ఊరు కొండ మీద, దూరం. ఆ ఒక్క వైపే చెవి పెట్టే ఏంటెనా కావాలి. యాగీ అంటారు దాన్ని. ఎలా కట్టాలో నాన్న నేర్పిన లెక్క ఇంకా గుర్తుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మా ఆయన వడ్రంగం సామాన్లలో స్టీలు కొలత టేపు ఉంటే కత్తిరించేశాను. ప్లాస్టిక్ పైపు మీద మూడు ముక్కలు అడ్డంగా బిగించాలి. వెనక పొడుగుది, ముందు పొట్టిది. మధ్యది రెండు సగాలు, కేబుల్ అతికేది అక్కడే. పసుపు పెయింట్ గీకితేగాని టంకం పట్టదు. రెండు వేళ్లు కాల్చుకున్నాను.

ఆయన వచ్చి ముక్కలైన టేపు చూశారు. అడిగితే పాత టేపు ఇచ్చేవాణ్ణి కదా అని గొణిగారు. తర్వాత తనే రంపం తెచ్చి పైపు చివరలు తిన్నగా కోసిపెట్టారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

టంకం ఊడింది. పడుకున్నాను.

ఫిబ్రవరి 13, గురువారం, సాయంత్రం

ఏంటెనానీ సెట్టునీ మేడ మీదికి తీసుకెళ్లాను. పై వాటా ఆవిడ, బట్టలారేసే కొత్త స్టాండా అని అడిగింది. నేను కేబుల్ బిగించేలోపు దాని మీద ఓ తువ్వాలు ఆరేసేసింది కూడా.

కొండ వైపు తిప్పి, భుజాలు లాగేదాకా పట్టుకున్నాను. సొద. సొద అడుగున ఎవరో గోరుతో గీరినట్టు ఏదో. అక్కేనా?

ఫిబ్రవరి 15, శనివారం

మళ్లీ అంతే. మీటర్ పెట్టి చూస్తే ఏంటెనా బాగానే ఉందంటోంది. మరి రోగమెక్కడో తెలియడం లేదు.

అక్క డాక్టర్ ముందు తల అడ్డంగా ఊపి లేచొచ్చేసిందట. ఇంకా ఆలస్యం చేస్తే చేతులెత్తేయాల్సిందే అన్నాడట అతను. బావగారు ఫోన్‌లో చెప్పారు. ఫోన్ పెట్టేసి కేబుల్ అతుకులన్నీ మళ్లీ విప్పి చూశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈవేళ అసలు ఓపిక లేదు. ఏంటెనాని నీళ్లట్యాంకు గోడకి చేరేసి కింద చతికిలబడ్డాను. అది జారి పక్కకి ఒరిగింది. టేపు ముక్కలు నిలువుగా నిలబడ్డాయి.

హెడ్‌ఫోన్‌లో ఒక్కసారిగా టకటక!

నా బుర్ర ఎంత మొద్దుబారిందంటే, అక్క ఏంటెనా నిలువుదన్న సంగతే తట్టలేదు. ఇన్నాళ్లూ నాది పడుకోబెట్టి పట్టుకున్నాను. రెండూ ఒకే తీరుగా ఉంటేనే సరిగ్గా వినబడుతుంది.

అది అక్క చెయ్యే. గీతని కాస్త ఎక్కువ సాగదీస్తుంది, అలిగినప్పుడు మాట సాగదీసినట్టు. ఎవరికో అక్కడి చలి గురించి చెబుతోంది. విని ఊరుకుందామనే అనుకున్నాను. తను ముగించగానే నా చెయ్యి ఊరుకోలేదు. మోర్స్ మీట మీద నా కాల్‌సైన్ కొట్టాను.

రెండోసారీ కొట్టాను. తర్వాత, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు.

"నువ్వా."

"నేనే."

"మీ బావ చెప్పి చేయించారా?"

"లేదు. ఏంటెనా నేనే కట్టాను. మా ఆయన టేపు కోసి."

నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. మళ్లీ అవే. మోర్స్‌లో నవ్వడమంటే అదే. ఆపరేషన్ తర్వాత అక్క నవ్వు వినడం ఇదే మొదలు.

ఆ ఊపులోనే అడిగేశాను. ట్రీట్‌మెంట్ ఎందుకొద్దంటున్నావని.

నెమ్మదిగా, ఒక్కో అక్షరం వచ్చింది. "అక్కడ ప్రతివాళ్లూ ఏదో ఒకటి అడుగుతారు. నోరు తెరిస్తే మాట రాదు, మెడ మీది రంధ్రంలోంచి గాలి వస్తుంది. అందరూ జాలిగా చూస్తారు. నా వల్ల కాదే."

"నేను పక్కనే కూర్చుంటా. అడిగినవాళ్లకి నేను చెప్తా."

"రోజూనా? విసుగొస్తుంది నీకు."

"రోజంతా అడ్డమైనవాళ్లకీ జవాబు చెప్పడమేగా నా ఉద్యోగం. నీకు చెప్తే అరిగిపోతానా?"

మళ్లీ సొద. పోయిందనుకున్నాను. కరెంటు పోయిందో, కోపమే వచ్చిందో. ఏంటెనాని కదపడానికి భయం వేసి, ఒంగిన నడుం ఒంగినట్టే ఉంచుకుని కూర్చున్నాను.

"రా. నన్ను చూసి ఏడిచావంటే మాత్రం తలుపేసుకుంటా."

ఫిబ్రవరి 17, సోమవారం

టీమ్ లీడర్ లీవ్ ఇవ్వనన్నాడు. బస్సెక్కాను.

ఫిబ్రవరి 24, సోమవారం. రేడియేషన్ విభాగం, హాలు

కౌంటర్‌లో అతను ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. అన్నిటికీ నేనే చెప్పాను. అక్క నా అరచేతిలో వేలితో మోర్స్ కొడుతోంది. అతని విగ్గు వంకరగా ఉందట. పకపకా నవ్వేశాను. అందరూ మావైపే చూశారు.

అక్క పేరు పిలిచారు. లేచాం.